నాన్న బాగు చేయని గ్యాసు పొయ్యి

మా నాన్న ఆ గ్యాసు పొయ్యిని బాగు చేయలేదు. ఈ సంగతి నేను ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నాను. మా వాళ్ళలో ఒక్కరూ చెవిన వేసుకోరు. మొన్న మా తమ్ముడు రమణ కూర్మన్నపాలెంలో కొత్త ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశం చేశాడు. పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు. మరదలు కొత్త ఇత్తడి గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టి నాబ్ తిప్పగానే టిక్కుమని మంట అందుకుంది. అంతే, వాడికి పూనకం వచ్చేసింది. మంత్రాలు ఆగేదాకా కూడా ఆగకుండా కథ అందుకున్నాడు. మా చిన్నతనంలో, స్టీల్ ప్లాంటు క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు, మా వీధి మొత్తానికి తనంతట తాను వెలిగే గ్యాసు పొయ్యి మాకే ముందు వచ్చిందట. కొన్నాళ్ళకే అది మొండికేసిందట. మెకానిక్కులు వచ్చి చూసి చేతులెత్తేశారట. అప్పుడు మా నాన్న, ప్లాంటులో బొగ్గుని కాల్చే కోక్ ఓవెన్లలో ఇంతింత మంటల్ని అదుపులో పెట్టే మనిషి, ఒక ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని సాయంత్రానికల్లా దానికి ప్రాణం పోశాడట. మళ్ళీ అది చెడితే ఒట్టట.

చుట్టాలందరూ "ఆహా, మీ నాన్న చేతి మహిమ" అన్నారు. నేను పూర్ణాల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. డిగ్రీలో లాజిక్కు ఒక సబ్జెక్టుగా చదివిన పాపానికి, ఎవరైనా కథని తమకు నచ్చిన చోట ఆపేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఏ మెకానిక్కులురా వచ్చింది? మన వీధి మొహం ఏ మెకానిక్కు చూశాడు? సరే, ఆదివారం వెలిగింది. సోమవారం పొద్దున్న ఏమైందో అది కూడా చెప్పు," అన్నాను.

"అప్పా, పాలు పొంగుతన్నాయి. ఈపాలికి ఒగ్గెయ్యవే," అన్నాడు వాడు, రెండు చేతులూ జోడించి.

అందరూ నవ్వారు. శుభమా అని ఇల్లు చేరుతుంటే ఇదొకతి వాదనకు దిగింది అన్న చూపు మరదలు మొహంలో స్పష్టంగా కనిపించింది. పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న మా అమ్మ మాత్రం నవ్వలేదు, నాకేసి చూడలేదు. పొంగుతున్న పాలకేసే చూస్తూ కూర్చుంది. మా అమ్మ మాట్లాడకపోవడం అనేది మా ఇంట్లో అరుదైన సంఘటన కాబట్టి అది నాకు గుర్తుండిపోయింది.

ఆ సాయంత్రమే అమ్మ నాతో పాటు మురళీనగర్‌లోని మా ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళు వాడి దగ్గర, కొన్నాళ్ళు నా దగ్గర ఉంటుంది. ఆ వారంలోనే, మమ్మల్ని వెక్కిరించడానికే అన్నట్టు, మా పొయ్యి చిన్న బర్నర్ వెలగడం మానేసింది. పెద్దది బాగానే వెలుగుతుంది. చిన్నదాని నాబ్ తిప్పితే టిక్ టిక్ టిక్ టిక్ అని చప్పుడు మాత్రం ఘనంగా వస్తుంది, మంట రాదు. మాటలే తప్ప పని లేని మనుషుల్ని నేను చాలామందిని చూశాను గానీ, నా వంటింట్లోనే ఒకటి తయారవుతుందనుకోలేదు. సర్వీసుకి ఫోన్ చేశాను. అవతల అబ్బాయి పొయ్యి మొహం చూడకుండానే "మొత్తం సెట్టు మార్చాలి మేడమ్, వచ్చే వారం వస్తాం" అన్నాడు. చెయ్యి పట్టుకోకుండానే ఆపరేషన్ రాసే డాక్టర్లు పొయ్యిలకు కూడా ఉన్నారన్నమాట. నేనే విప్పుతానన్నాను. మా ఆయన పోర్టులో ఇన్నేళ్ళు నౌకరీ చేసినా ఇంట్లో బల్బు మార్చడానికి శుభముహూర్తం చూసే మనిషి. "సరోజా, గ్యాసుతో ఆటలొద్దు," అని చెప్పి తను మాత్రం భద్రంగా బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

నేనేమీ ఆటలాడలేదు. ముందు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేశాను. కిటికీ తలుపులు బార్లా తీసి, పొయ్యి చల్లారేదాకా ఆగి, లోపల గ్యాసు వాసనేమీ లేదని చూసుకున్నాను. ఆ తర్వాత కర్టెన్లు లాగి వంటిల్లు చీకటి చేసి, గ్యాసు లేకుండా ఉత్తినే నాబ్ తిప్పి చూశాను. పెద్ద బర్నర్ పక్కన నీలంగా చిన్న మెరుపు, సూది కొస నుంచి బర్నర్ మీదకి ఠక్కున దూకుతోంది. చిన్నదాని దగ్గర ఆ మెరుపు ఉంది, కానీ దూకడం లేదు. సూది చుట్టూ ఉన్న తెల్లటి పింగాణీ పుల్ల మీద నుంచి పాక్కుంటూ కిందకే జారిపోతోంది. పింగాణీ శుభ్రంగా, పొడిగా ఉంటే మెరుపుకి దూకడం తప్ప వేరే దారి ఉండదు. దాని మీద తడో జిడ్డో ఉంటే అదొక మెట్ల దారి, దిగి చక్కా పోతుంది. రోగం తెలిసింది. అంతకు ముందు రోజు పప్పుచారు పొంగి ఆ బర్నర్ మీదంతా కారింది. పైపైన తుడిచి ఊరుకున్నాం.

బ్యాటరీ తీసి పక్కన పెట్టి, బర్నర్ పైకెత్తి, పాత టూత్‌బ్రష్షు నిమ్మరసంలో ముంచి ఆ పుల్లని మెల్లగా తోమడం మొదలుపెట్టాను. మెల్లగా అని ఎందుకంటున్నానంటే, పింగాణీ కదా, విసురుగా తోమితే విరుగుతుంది. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది: "ఏటి సేత్తన్నావే? అలగ పళ్ళు తోముతన్నావేటి పొయ్యికి?"

ఆ మాటకి నవ్వి బ్రష్షు కేసి చూశాను. కుచ్చు అంతా పసుప్పచ్చగా ఉంది. పప్పుచారులో పసుపు. పళ్ళు, పసుపు. నేను అలాగే నిలబడిపోయాను. నా లాంటి నోరున్నదాన్ని నోరెత్తకుండా నిలబెట్టిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఇదొకటి.

ఆ క్వార్టర్స్‌లో మా వంటిల్లు ఎంత ఉండేదంటే, ఇద్దరు ఆడవాళ్ళు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగాలి. ఆ ఇద్దరూ మా అమ్మా, మా నాయనమ్మా. కిటికీ తీస్తే ప్లాంటు వైపు నుంచి ఎర్రటి దుమ్ము, మూస్తే పోపు ఘాటు. ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి గులాబీ రంగులోకి తిరిగేవి. ఇంట్లో పొయ్యి వెలిగించే హక్కు నాయనమ్మది. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, కానీ మా ఇంట్లో అది అలాగే నడిచేది. ఇంటికి పెద్దదైన ఆడది స్నానం చేసి వచ్చి మొదటి మంట ముట్టించాలి. ఆ తర్వాత ఎవరైనా వంట చేసుకోవచ్చు. ఊళ్ళో మట్టిపొయ్యికి చేసిన మర్యాదే ఆవిడ కిరసనాయిలు స్టవ్వుకీ చేసింది, తర్వాత గ్యాసు పొయ్యికీ చేసింది. తెల్లారకముందే లేచి, నీళ్ళు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని, పొయ్యి ముందు పిండితో ఇంత ముగ్గేసి, ఉంగరం వేలితో పసుపు బొట్టు పెట్టేది. ఆ తర్వాత రొంటిన దోపుకున్న అగ్గిపెట్టె తీసి పుల్ల గీసేది. "సల్లగుండు తల్లీ," అని మంటకి చెప్పేది. మంటని చల్లగా ఉండమనడమేమిటని నేను వాదించేదాన్ని. "నీకు నోరిచ్చిన దేవుడు దానికో తలుపు పెట్టడం మర్సిపోనాడే గుంటా," అనేది. అక్కడితో అయిపోలేదు. పొయ్యి వెలిగించిన ఆ పుల్లనే అరచెయ్యి అడ్డం పెట్టి ఆరిపోకుండా పెరటి మెట్ల దాకా తీసుకుపోయి, దాంతోనే తన చుట్ట ముట్టించుకునేది. అడ్డచుట్ట, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగేది. ఒకే పుల్లతో ఇంటి పొయ్యి, తన చుట్ట రెండూ అంటుకుంటే ఆ రోజు ఆవిడ మహారాణి. దారిలో ఆరిపోయిందా, మధ్యాహ్నం దాకా ఎవరికీ మంచి మాట ఉండేది కాదు.

అమ్మకీ ఆవిడకీ పడేది కాదని మా చుట్టాలందరికీ తెలుసు. "అత్తా, ఆ పొగ ఇటు ఒదలకు, పాలు వాసనొస్తన్నాయి," అని అమ్మ లోపల్నుంచి అరిచేది. "నిప్పే నా నోట్లో ఉంటే పొగ నీ పాలకెలగెల్తాదే, దానికి రెక్కలున్నాయేటి?" అని మెట్ల మీద నుంచి జవాబు. ఉప్పు ఎక్కువైందని ఒకరు, ఇంగువ తక్కువైందని ఇంకొకరు. అప్పుడు మేం విన్న గొడవలు విని ఎవరైనా, వీళ్ళలో ఒకరు వెళ్ళిపోతే రెండోవారు కొబ్బరికాయ కొడతారనుకుంటారు. రమణ కథలో ఇది కూడా ఉంటుంది: "అమ్మకీ నాయనమ్మకీ క్షణం పడేది కాదు." అదీ తప్పే, కానీ ఆ సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది.

అప్పుడొచ్చింది ఆ కొత్త పొయ్యి. వానాకాలంలో సముద్రపు గాలికి అగ్గిపుల్లలు మెత్తబడి, గీస్తే మందు రాలిపోతోందని నాన్న బోనస్ చేతికి రాగానే తెచ్చాడు. మా వీధి జనం మొత్తం వచ్చి చూశారు. నాన్న నాబ్ నొక్కి తిప్పాడు. టక్! భగ్గున మంట. పక్కింటి సత్యంగారు, నాన్నకి వరసకు బావ కాకపోయినా బావే, "బావా, నీ పొయ్యికి మంత్రాలొచ్చినాయి," అన్నాడు. నాయనమ్మ వంగి బర్నర్ పక్కన నిలబడ్డ ఆ తెల్లటి పింగాణీ పుల్లని చూసింది. "ఇదేట్రా, పొయ్యికి పన్ను మొలిసినాది!" అంది. అందరం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు ఊపులోనే నాన్న ఒక మాట అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు.

"అమ్మా, ఇంక నువ్వు తెల్లారగట్ల లెగక్కర్నేదు. అగ్గిపెట్టితో పన్నేదు. కోడలు ఇలా తిప్పితే అలా ఎలిగిపోద్ది. హాయిగా తొంగో."

నాయనమ్మ నవ్వు ఆగిపోయింది. చెయ్యి రొంటి దగ్గరికి వెళ్ళి అగ్గిపెట్టెని తడుముకుంది. "అయితే నాను తొంగోడానికే ఉన్నానన్నమాట ఈ ఇంట్ల," అంది.

తర్వాత రోజుల్లో ఆవిడ వంటింట్లోకి రాలేదు. ముగ్గు లేదు, బొట్టు లేదు. పెరటి మెట్ల మీద చుట్ట కూడా వేరే పుల్లతో ముట్టించుకుంది. పొయ్యి మాత్రం ఏ మొహమాటం లేకుండా రోజూ ఠక్కున వెలిగింది. ఒకరోజు ఆవిడ మంచం కింది నుంచి రేకుపెట్టె లాగి చీరలు సర్దడం మొదలుపెట్టింది. "శనారం నాను బీమ్లీ ఎలిపోతాను. సిన్నోడింట్ల ఇంకా కట్టిల పొయ్యే ఉన్నాది. ఆడికి నాను కావాల," అంది. భీమిలిలో ఉండే మా చిన్నాన్న సంగతది. నాన్న నచ్చజెప్పాడు, కోప్పడ్డాడు, మళ్ళీ నచ్చజెప్పాడు. అమ్మ మాత్రం "ఉండమని సెప్పడానికి నానెవుర్ని, ఎల్లమని సెప్పడానికి నానెవుర్ని," అని గిన్నెలు కొంచెం గట్టిగా తోమింది. నేను రాత్రిళ్ళు నాయనమ్మ పక్కనే, ఆమె చీర చెంగు గుప్పెట్లో పట్టుకుని పడుకునేదాన్ని. ఆముదం, పసుపు, పొగాకు కలిసిన ఆ వాసన లేకుండా నాకు నిద్ర ఎలా పడుతుందో ఎవరూ ఆలోచించలేదు.

శుక్రవారం పొద్దున్న నాన్న పొద్దుటి షిఫ్టుకి చీకటి ఉండగానే వెళ్ళిపోయాడు. నాయనమ్మ నన్ను లేపి పసుపు గిన్నె పట్టుకోమంది. "ఎల్లిపోయేముందు ఒక్కపాలి దండమెట్టుకుంటాను," అంది. పసుపులో నీళ్ళు కలిపి పొయ్యి అంచులకీ నాబ్‌లకీ బొట్లు పెట్టింది. చివర ఆ తెల్ల పన్ను మీద నిండుగా, తడి తడిగా ఒక బొట్టు. అక్కడెందుకని అడిగాను. "నిప్పు యాడ పుడతాదో అమ్మోరు ఆడే కూకుంటాది," అంది. నాకు అది చాలా సబబుగా తోచింది. అమ్మ వచ్చి నాబ్ తిప్పింది. టక్. టక్. టక్. మంట లేదు. ఇంకా నాలుగుసార్లు తిప్పి, గ్యాసు కట్టేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నాయనమ్మ రొంటిలోంచి అగ్గిపెట్టె తీసింది. ఆ రోజు పుల్ల చుట్ట దాకా ఆరకుండా వచ్చింది.

"కోడలొక్కర్తీ ఇలాటి పొయ్యితో ఎలగేగుతాది? బాగయ్యేదాకా ఉంటాను," అంది నాయనమ్మ. శనివారం గడిచిపోయింది, పెట్టె మంచం కిందే ఉంది. రోజూ పొద్దున్నే బొట్టు, రోజూ పొద్దున్నే టక్ టక్, రోజూ అగ్గిపుల్ల. విచిత్రమేమిటంటే మధ్యాహ్నం దాటాక నాన్న ఇంటికొచ్చి తిప్పితే శుభ్రంగా వెలిగేది. "ఎలుగుతంది గదే! నీకు తిప్పడం రాదు," అని నాన్న. "మీరున్నప్పుడే ఎలుగుతాది, మీకు బయపడతాది," అని అమ్మ. ఈ వాదన రోజుల తరబడి నడిచింది. పొయ్యి బాగైతే నాయనమ్మ వెళ్ళిపోతుంది, బాగవకపోతే ఉంటుంది. అందుకని ఆ పొయ్యి ఎప్పటికీ బాగవకూడదని పసుపు పూసుకున్న ఆ పన్నుకే నేను రోజూ దండం పెట్టుకునేదాన్ని.

ఆ తర్వాతి వారం, ఆదివారం నాన్న ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్న అది వెలగకపోవడం కళ్ళారా చూశాడు. ఇంక ఆగలేదు. హాల్లో పాత పేపర్లు పరిచి పొయ్యిని నిలువునా విప్పేశాడు. సత్యంగారు పక్కన కూర్చుని "బావా, స్ప్రింగు పోనాది," అని కాసేపు, "బావా, ఎడం ఎక్కువైనాది," అని కాసేపు సలహాలిచ్చాడు. నాన్న కిరసనాయిల్లో గుడ్డ ముంచి ఒక్కో ముక్కనీ తుడిచాడు. "ఏటింత పసుపు! ఇది పొయ్యా పెళ్ళికూతురా?" అని విసుక్కుంటూ బొట్లన్నీ తుడిచిపారేశాడు. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా చూస్తూనే ఉంది. సాయంత్రానికి మళ్ళీ బిగించి తిప్పాడు. టక్, భగ్. సత్యంగారు చప్పట్లు కొట్టాడు. రమణ గంతులేశాడు. వాడి కథ అక్కడ ఆగిపోయింది, ఇప్పటికీ అక్కడే ఆగుతుంది. నాయనమ్మ లేచి వెళ్ళి పెట్టె బయటికి లాగింది. "రేపు షిప్టు నుంచొచ్చినాక నన్ను బస్సెక్కించు," అని నాన్నతో అంది. "ఇంక ఈ పొయ్యి మొకం సూడను."

సోమవారం నేను కళ్ళు తెరిచేసరికి నా గుప్పెట్లో చెంగు లేదు. పరిగెత్తుకుంటూ వచ్చి చూస్తే వీధి వరండాలో, స్నానం చేసి ప్రయాణానికి మంచి చీర కట్టుకుని, రేకుపెట్టె పక్కన ఉంది. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయన తిరిగి రావడానికి ఇంకా సగం రోజు ఉంది. అయినా ఆవిడ అప్పుడే బస్సు కోసం చూస్తున్నట్టు రోడ్డుకేసి చూస్తోంది. నేను వెళ్ళి ఒళ్ళో తల పెట్టాను. లోపల్నుంచి చప్పుడు: టక్. టక్. టక్. నాయనమ్మ కదల్లేదు. మళ్ళీ టక్ టక్. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ అరిచే గొంతు, ఆ వేళ ఎంత మెత్తగా ఉందో.

"అత్తా, ఓపాలి ఇలగొస్తావేటి? ఎలగట్నేదు."

నాయనమ్మ కాసేపు అమ్మ మొహంలోకి చూసింది. తర్వాత నా తల పక్కకి జరిపి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, రొంటిలోంచి అగ్గిపెట్టె తీసుకుని లోపలికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. పొయ్యి మీద ఇంకెక్కడా చుక్క పసుపు లేదు. తెల్ల పన్ను మీద మాత్రం తడి తడిగా ఒక బొట్టు. "సల్లగుండు తల్లీ," అని ఆవిడ పుల్ల గీసింది. మధ్యాహ్నం నాన్న వచ్చి తిప్పితే యథాప్రకారం వెలిగింది. "ఇలాటి నమ్మకం నేని పొయ్యికాడ కోడల్నొగ్గీసి నానెలగెల్తాన్రా?" అంది నాయనమ్మ. పెట్టె మంచం కిందకి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో తనంతట తాను వెలిగే పొయ్యిని పొద్దున్నే అగ్గిపుల్లతోనే వెలిగించేవాళ్ళం. ఆవిడ పోయాక అది నాబ్ తిప్పగానే వెలగడం మొదలుపెట్టింది. "సూసినారా, నా రిపేరు ఎన్నేళ్ళు నిలిసిందో," అని నాన్న చివరిదాకా చెప్పుకున్నాడు. పాపం, ఆయన ముందు ఎవరూ కాదనలేదు.

ఇదంతా పచ్చటి టూత్‌బ్రష్షు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు ఒక్కసారిగా అర్థమైంది. తడి పసుపు మెట్ల దారి. పొద్దున్న తడిగా ఉన్నప్పుడు నిప్పు జారిపోయేది. రోజంతా వంట వేడికి ఆ పసుపు ఎండి పొడిపొడిగా రాలిపోతే నాన్నకి వెలిగేది. ఆ పొయ్యి ఒక్కరోజు కూడా చెడిపోలేదు. చెడిపోని దాన్ని ఎవరైనా బాగెలా చేస్తారు? అమ్మతో మాత్రం ఏమీ అనలేదు. పుల్లని పొడిగుడ్డతో తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో కాసేపు వేడిగాలి పట్టి, బర్నర్ బిగించి, బ్యాటరీ వేసి, రెగ్యులేటర్ తిప్పాను. టిక్, భగ్గున నీలం పువ్వు. నేను అరిచిన అరుపుకి బాల్కనీలోంచి మా ఆయన "ఏమైంది, ఏమైంది" అని పరిగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత ఫోన్లో కనీసం అరడజను మందికి "మా ఆవిడే బాగుచేసిందండీ" అని చెప్పుకున్నాడు. అవును, నేను మాత్రం నిజంగానే బాగుచేశాను. తేడా గమనించాలి.

పాతరోజులే బంగారం అనేవాళ్ళ మాట నేను నమ్మను. తెల్లారకముందే లేచి చన్నీళ్ళు పోసుకునే హక్కు నాకెవరైనా ఇస్తానంటే మర్యాదగా వాళ్ళకే తిరిగి ఇచ్చేస్తాను. మా ఇంట్లో ముందు లేచినవాళ్ళు టీ పెడతారు, అది తరచు మా ఆయనే, పొయ్యి ఎవరు తిప్పినా వెలుగుతుంది. నాకు ఇదే ఇష్టం. కానీ ఆ సాయంత్రం ఒక సంగతి గుచ్చుకుంది. అమ్మ చిక్కుడుకాయలు తీసుకుంటే నేను చేతిలోంచి లాక్కుంటాను. వంటింట్లోకి వస్తే "నువ్వు కూర్చోమ్మా, టీవీ చూడు, హాయిగా ఉండు," అంటాను. ప్రేమతోనే అంటాను. నాన్న కూడా ప్రేమతోనే అన్నాడు కదా, హాయిగా తొంగో అని. ఆ మర్నాటి నుంచి పొద్దున్న మొదటి టీ అమ్మకి వదిలేశాను. మొదటి రోజు టీ తియ్యగా పానకంలా ఉంది. నేను ఒక్క మాట అనలేదు. అననందుకు మా ఆయన నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూశాడు.

శుక్రవారం అమ్మ తలంటుకుని వచ్చి, అడగకుండానే పొయ్యి ముందు చిన్న ముగ్గేసింది. గిన్నెలో పసుపు కలుపుకుంది. నేను టీ కోసం ఖాళీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాను. తడివేలు బర్నర్ల పక్క నుంచి దాటి, తెల్ల పుల్లల్ని దాటి, ముందు అంచు దాకా జాగ్రత్తగా వచ్చి అక్కడ ఆగి బొట్టు పెట్టింది. నాలోని లాజిక్కు నిద్ర లేచింది.

"అదేంటమ్మా, నాయనమ్మ ఆ తెల్ల పుల్ల మీదే పెట్టేది కదా? నువ్వేమో అంత దూరంగా పెడుతున్నావు."

"ఆడెడితే ఎలగదు గదే," అంది అమ్మ, రెండో బొట్టు పెడుతూ.

వేలు గాల్లోనే ఆగిపోయింది. నేను గ్లాసు కింద పెట్టాను. ఈ ఇంట్లో ఆ ముక్క నేనెవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

"నీకెలా తెలుసు?"

"ఎవులో సెప్పినారు."

"ఎవరు? నాన్నకి తెలీదు. రమణకి ఇప్పటికీ తెలీదు. నాకు తెలిసి ఇంకా వారం కాలేదు."

అమ్మ చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి నాబ్ తిప్పింది. టిక్కుమని మంట వచ్చింది. ఆ నీలం వెలుగులో పెదవుల చివర దాచుకుందామన్నా దాగని నవ్వు ఒకటి కనిపించింది. అత్తమీద చాడీలు చెప్పుకుంటూ జీవితం గడిపిన మనిషి మొహంలో అలాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు. సోమవారం పొద్దున్న నాయనమ్మ వరండాలో ఉంది, నిజమే. కానీ అంతకు ముందు నేను నిద్రలో ఉన్నాను. ఆవిడే లేచి పెట్టి వచ్చి కూర్చుందా? ఆవిడ పెడితే అంచులకీ నాబ్‌లకీ కూడా పెట్టేది కదా, ఒక్క పన్నుకే పెట్టి ఎందుకు ఆగింది? చేతుల వాసన చూసి తేల్చుకుందామంటే, ఆ ఇంట్లో ఇద్దరి చేతులూ పసుపు వాసనే.

"సెప్పినాక ఊరుకోవు గదా నువ్వు," అంది అమ్మ, పాల మీంచి చూపు తిప్పకుండా. "నీ తమ్ముడు సెప్పిందే నిజమనుకోరాదేటి? మీ నాన్న బాగుసేసినాడు, అంతే."

సరే. వాదన కోసం ఒప్పుకుంటాను. ఆదివారం సాయంత్రం ఆ పొయ్యిని నాన్నే బాగుచేశాడు. మరి సోమవారం పొద్దున్న దాన్ని పాడుచేసిందెవరమ్మా?